లారీ ఇంజన్‌లో ఇంజెక్టర్ లోపాన్ని నిర్ధారించడం

డీజిల్‌ను కొలత ప్రకారం తీసుకుని, పొగమంచంత సన్నటి తుంపరగా చేసి, సరైన క్షణంలో సిలిండర్‌లోకి చిమ్మే పరికరం ఇంజెక్టర్. లారీ షెడ్లలో నాజిల్ అని పిలిచేది దీన్నే. బండి పికప్ తగ్గినా, నల్లపొగ వదిలినా, పొద్దున్నే స్టార్ట్ కాకుండా మొరాయించినా, మైలేజీ పడిపోయినా ముందుగా అనుమానం దీని మీదికే పోతుంది. ఆ అనుమానం చాలాసార్లు నిజమే కావచ్చు. అయితే పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటీ ఇంజెక్టర్‌కు మాత్రమే చెందినది కాదు. మూసుకుపోయిన ఫిల్టరు, గాలి పీల్చే పైపు జాయింటు, చిల్లుపడ్డ టర్బో గొట్టం, సరిగా కూర్చోని వాల్వు కూడా అవే లక్షణాలను చూపిస్తాయి. లక్షణం ఇంజన్‌లో ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఆ తేడా ఇంజెక్టర్‌దే అని తేల్చాలంటే ఒక సిలిండర్‌ను దాని పక్క సిలిండర్లతో పోల్చి చూడాలి. ఆరు సిలిండర్ల ఇంజన్ అనుకుంటే, ఆరింటికీ ఒకే డీజిల్, ఒకే గాలి, ఒకే పంపు. వాటిలో ఒకటి మాత్రమే దారి తప్పితే కారణం దాని దగ్గరే ఉంటుంది. ఆరూ కలిసి దారి తప్పితే కారణం ఆరింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంటుంది. ఇంజెక్టర్ నిర్ధారణలోని పరీక్షలన్నీ, పాతవైనా కొత్తవైనా, ఈ పోలికను ఏదో ఒక రూపంలో చేసేవే.

కొలతలు చూస్తే పని ఎంత సున్నితమో అర్థమవుతుంది. ఆరు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 600 సార్లు తిరుగుతుందనుకుందాం. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి పేలుతుంది కాబట్టి మొత్తం మీద నిమిషానికి 1800 చిమ్ములు, గంటకు 1,08,000. గంటకు ఒకటిన్నర లీటరు డీజిల్ ఖర్చయితే ఒక్కో చిమ్ముకు పడేది 11, 12 మిల్లీగ్రాములు. అదే ఇంజన్ పూర్తి లోడుతో 2500 వేగంలో గంటకు 45 లీటర్లు తాగుతుంటే ఒక్కో చిమ్ముకు 83 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. ఇప్పుడు ఒక ఇంజెక్టర్ రెండు మిల్లీగ్రాములు తక్కువ చిమ్ముతోందనుకోండి. ఐడిల్‌లో అది ఆరో వంతు లోటు. ఇంజన్ వణుకుతుంది, డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి తెలుస్తుంది. పూర్తి లోడులో అది నూటికి రెండున్నర, ఎవరికీ తెలియదు. నిలబెట్టినప్పుడు కుదుపుతూ రోడ్డెక్కగానే బాగైపోయే బండి ఉన్నదీ, నిలబెట్టినప్పుడు మెత్తగా తిరుగుతూ ఘాట్‌లో ఊపిరాడక ఆగిపోయే బండి ఉన్నదీ ఇందుకే. మొదటిది ఒక సిలిండర్ ఫిర్యాదు అయ్యే అవకాశం ఎక్కువ. రెండోది చాలావరకు డీజిల్ సరఫరాదో గాలిదో అయి ఉంటుంది. ఏ వేగంలో, ఏ లోడులో తేడా కనబడుతోందో డ్రైవర్ని అడిగి తెలుసుకోవడమే నిర్ధారణలో మొదటి మెట్టు. ఆ ప్రశ్న అడగకుండా పానా పట్టుకోవడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి.

రుడాల్ఫ్ డీజిల్ తొలి ఇంజన్లలో ఇంధనాన్ని సంపీడిత గాలితో ఊదేవారు. అందుకు వేరే కంప్రెసర్ కావాలి. అంత బరువు రోడ్డు మీద తిరిగే బండికి కుదరదు. 1927లో బాష్ సంస్థ వరస పంపులను పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజన్ లారీకి సరిపోయింది. ఆ పద్ధతిలో కొలత పంపులో జరిగేది. ఇంజెక్టర్ ఒక స్ప్రింగు, సూది ఉన్న సాదా పరికరం. పైపులో ఒత్తిడి 200 బార్ చుట్టూ ఉండే నిర్ణీత అంకెకు చేరగానే సూది లేచి డీజిల్ పోయేది. 1995లో జపాన్‌లో హినో రేంజర్ లారీలో డెన్సో కామన్ రైల్ పద్ధతిని తెచ్చాక లెక్క మారింది. పంపు పని ఇంజెక్టర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే గొట్టంలో, అంటే రైల్‌లో, ఒత్తిడి పెంచడం వరకే. ఎంత చిమ్మాలో, ఎప్పుడు చిమ్మాలో ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూ నిర్ణయిస్తుంది, ఇంజెక్టర్ అమలు చేస్తుంది. మన దేశంలో ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. 2017 ఏప్రిల్‌లో ఉద్గారాల ప్రమాణం బీఎస్-4 దేశమంతటా అమల్లోకి వచ్చినప్పుడు కూడా అశోక్ లేలాండ్ ఐఈజీఆర్ పేరుతో వరస పంపునే నిలబెట్టుకుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త భారీ డీజిల్ లారీల్లో పాత పంపుకు చోటు లేకుండా పోయింది. అందువల్ల విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇవాళ్టికీ ఒకే వరసలో రెండు తరాల బండ్లూ నిలబడి ఉంటాయి. వాటికి చేయాల్సిన పరీక్షలు వేరు, పరీక్ష వెనకున్న తర్కం ఒక్కటే.

పాత తరం బండికి పోలిక పరీక్ష చాలా సులువు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును అర చుట్టు వదులు చేస్తారు. ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగిపోతుంది. ఇంజన్ శబ్దం పడిపోతే ఆ సిలిండర్ అంతవరకు పనిచేస్తోందన్నమాట. నట్టు వదిలినా శబ్దంలో తేడా రాకపోతే పనిచేయనిది అదే. ఇదే పనిని కామన్ రైల్ బండి మీద చేయబోవడం ప్రాణాంతకం. ఐడిల్‌లోనే రైల్‌లో కొన్ని వందల బార్ ఉంటుంది, లోడులో 1600 నుంచి 2000 బార్ దాటుతుంది. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని కండరంలోకి పోతుంది. బయటికి సూదిమొన గుచ్చినంత గుర్తే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో అంతగా ఉండదు. లోపల కణజాలం చచ్చిపోతూ ఉంటుంది. వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలో, చెయ్యో పోవచ్చు. కారే చోటును వెతకడానికి అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలే తప్ప వేలితో తడమకూడదు. ఇంజన్ ఆపాక కూడా రైల్‌లో ఒత్తిడి దిగిపోయే దాకా ఏ నట్టూ ముట్టుకోకూడదు. పాత అలవాటు చేతికి అంటుకుని ఉన్న మెకానిక్కులకు ఈ ఒక్క విషయం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

కొత్త తరం ఇంజెక్టర్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే అది ఎన్ని రకాలుగా చెడగలదో తెలుస్తుంది. కరెంటు అందినప్పుడు సోలెనాయిడ్ సూదిని నేరుగా లేపదు. అంత ఒత్తిడిని ఎదిరించే బలం దానికి లేదు. అది లేపేది ఒక చిన్న బంతి వాల్వును. సూది వెనక ఒక చిన్న గది ఉంటుంది, రైల్ ఒత్తిడితో నిండి సూదిని కిందికి అదిమి పడుతుంటుంది. బంతి లేవగానే ఆ గదిలోని డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ దారిలోకి జారిపోతుంది. గదిలోకి డీజిల్ వచ్చే రంధ్రం కన్నా పోయే రంధ్రం పెద్దది, కాబట్టి గదిలో ఒత్తిడి పడుతుంది. కిందనున్న ఒత్తిడి సూదిని పైకి నెడుతుంది, నాజిల్ కొసన ఉన్న రంధ్రాల గుండా డీజిల్ చిమ్ముతుంది. కరెంటు ఆగగానే బంతి మూసుకుంటుంది, గది నిండుతుంది, సూది దిగుతుంది. ఇదంతా మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. కదిలే భాగాల మధ్య ఖాళీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లే. ఇక చెడే తీరులు చూద్దాం. సోలెనాయిడ్ లేదా దాని వైరు తెగితే చిమ్మడమే ఆగుతుంది. బంతి కూర్చునే పీట అరిగితే రిటర్న్‌లోకి పోయేది పెరుగుతుంది, రైల్‌లో ఒత్తిడి నిలవదు. సూది కూర్చునే చోటు దెబ్బతింటే డీజిల్ సిలిండర్‌లోకి కారుతూ ఉంటుంది. రంధ్రాలకు మసి పట్టితే తుంపర వంకరపోతుంది. ఇంజెక్టర్ బాగానే ఉండి, దాని కింది రాగి వాషర్ సరిగా కూర్చోకపోతే సిలిండర్‌లోని మంట గాలి పైకి తన్నుకొచ్చి చుట్టూ తారులాంటి మసి పేరుస్తుంది. ఈ అయిదూ వేర్వేరు జబ్బులు. వీటన్నిటినీ కలిపి నాజిల్ పోయింది అనేస్తే వైద్యం కుదరదు.

పొగ రంగును బట్టి జబ్బు చెప్పడం చాలాకాలంగా ఉన్న అలవాటు, అందులో నిజం లేకపోలేదు. నల్లపొగ అంటే ఉన్న గాలికి డీజిల్ ఎక్కువైందని అర్థం. అయితే డీజిల్ పెరిగిందా, గాలి తగ్గిందా అన్నది పొగ చెప్పదు. టర్బో నుంచి వచ్చే గొట్టానికి క్లిప్పు ఊడినా, కాలిన గాలిని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకునే ఉండిపోయినా అదే నల్లపొగ. తెల్లపొగ కళ్లు మండిస్తే అది కాలని డీజిల్; కంప్రెషన్ తగ్గిన సిలిండర్ కూడా సరిగ్గా దాన్నే వదులుతుంది. ఆయిల్ స్టిక్ తీసి చూసినప్పుడు ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన కొడితే కారే ఇంజెక్టర్‌ను అనుమానించడం సహజం. అయితే హై ప్రెజర్ పంపు సీలు పోయినా డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. కొన్ని ఇంజన్లు పొగలోని మసిని పట్టే ఫిల్టరును, అంటే డీపీఎఫ్‌ను, శుభ్రం చేసుకునేటప్పుడు సిలిండర్‌లోకే ఆలస్యంగా చిమ్మే డీజిల్ కూడా గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. బీఎస్-6 బండ్ల విషయంలో పొగ సాక్ష్యం మరింత బలహీనపడింది. ఇంజెక్టర్ కారుతూ మసి పుట్టిస్తున్నా డీపీఎఫ్ ఆ మసిని పట్టేసుకుంటుంది, సైలెన్సర్ దగ్గర ఏమీ కనబడదు. దానికి బదులు డీపీఎఫ్ మామూలుకన్నా తరచుగా రీజనరేషన్, అంటే పట్టిన మసిని కాల్చేయడం, అడుగుతుంటుంది. ఆ తరచుదనాన్ని గమనించకుండా డీపీఎఫ్ ఒక్కటే కడిగించి పంపేస్తే బండి మళ్లీ అదే ఫిర్యాదుతో తిరిగి వస్తుంది.

స్కానర్ ఉండగా ఈ తర్కమంతా ఎందుకు, కోడ్ చదివితే సరిపోదా అన్నది ఇప్పుడు తరచూ వినబడే అభ్యంతరం. కోడ్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూద్దాం. భారీ వాహనాల్లో వాడే జె1939 ప్రమాణంలో లోపం ఏ భాగానిదో చెప్పే ఎస్‌పీఎన్ సంఖ్యల్లో 651 నుంచి 656 వరకు ఒకటి నుంచి ఆరో సిలిండర్ దాకా ఇంజెక్టర్లకు కేటాయించారు. వెంట వచ్చే ఎఫ్‌ఎంఐ సంఖ్య లోపం ఏ రకమో చెబుతుంది: 5 అయితే కరెంటు తక్కువ లేదా దారి తెగింది, 6 అయితే కరెంటు ఎక్కువ లేదా వైరు బాడీకి తగిలింది. 653తో పాటు 5 వస్తే మూడో ఇంజెక్టర్ సర్క్యూట్‌లో సరిపడా కరెంటు పోవడం లేదని తేలింది. సర్క్యూట్ అంటే ఇంజెక్టర్ ఒక్కటే కాదు. ఈసీయూ నుంచి వచ్చే వైరు, వాల్వు కవరు దాటే దగ్గరున్న కనెక్టర్, పిన్ను, నట్టు అన్నీ దానిలో భాగమే. వేడికీ, ఆయిల్‌కూ, వణుకుకూ ముందు పాడయ్యేవి అవే. సోలెనాయిడ్ నిరోధం కొలిచి చూద్దామంటే అది 0.3 నుంచి 0.5 ఓమ్ మధ్యలో ఉంటుంది, మామూలు మల్టీమీటర్ తీగల నిరోధమే అందులో సగం దాకా ఉండవచ్చు. ముందు రెండు తీగలనూ కలిపి వచ్చిన అంకెను తీసేయకపోతే కొలతకు అర్థం లేదు. ఇంతకన్నా పెద్ద విషయం, కోడ్ పట్టుకునేది ప్రధానంగా విద్యుత్ లోపాన్ని. బంతి పీట అరిగిందనీ, రంధ్రం మూసుకుందనీ ఈసీయూకి నేరుగా తెలియదు. రైల్ ఒత్తిడి తగ్గిందంటూ ఎస్‌పీఎన్ 157 వస్తుంది. దానికి ఇంజెక్టర్ రిటర్న్ కారణం కావచ్చు, పంపు కావచ్చు, ప్రెజర్ రిలీఫ్ వాల్వు కావచ్చు, మూసుకుపోయిన ఫిల్టరు కావచ్చు. కోడ్ వెతకాల్సిన గదిని చూపిస్తుంది. గదిలో వెతకడం మెకానిక్ పనే.

స్కానర్ అసలు విలువ కోడ్‌లో కన్నా అది చేయించే సిలిండర్ పోలికలో ఉంది. ఫ్లైవీల్ దగ్గరున్న సెన్సార్ పళ్ల చక్రాన్ని చూస్తూ ఒక్కో పేలుడుకూ క్రాంకు ఎంత వేగం పుంజుకుందో కొలుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో 120 డిగ్రీలకోసారి ఒక పేలుడు. ఐడిల్‌లో ఒక పేలుడుకూ ఇంకోదానికీ మధ్య వ్యవధి సెకనులో ముప్పయ్యో వంతు. వెనకబడిన సిలిండర్‌కు ఈసీయూ కాస్త ఎక్కువ డీజిల్ ఇస్తుంది, ముందుకు దూకే దానికి కాస్త తగ్గిస్తుంది. ఆ సవరణల అంకెలను తెరమీద చూస్తే ఏ సిలిండర్ పక్కవాటిలాగా లేదో తెలిసిపోతుంది. ఇంకో పద్ధతి స్కానర్‌తో ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూడటం, పాత నట్టు వదులు చేసే పరీక్షకు కొత్త రూపం ఇదే. ఇందులో ఒక చిక్కుంది. ఒక సిలిండర్‌ను ఆపగానే ఐడిల్ వేగం పడిపోకుండా ఈసీయూ మిగతావాటికి డీజిల్ పెంచుతుంది, కాబట్టి చెవికి తేడా అంతగా వినబడదు. వేగాన్ని గాక మొత్తం డీజిల్ పరిమాణం ఎంత పెరిగిందో చూడాలి. బాగా పనిచేసే సిలిండర్‌ను ఆపితే అది బాగా పెరుగుతుంది. పనిచేయనిదాన్ని ఆపితే పెరగదు. పేలే వరస 1-5-3-6-2-4 అని కూడా మనసులో ఉంచుకోవాలి. మూడోది బలహీనంగా ఉంటే దాని వెంటనే పేలే ఆరోదాని లెక్కలోకి ఆ బలహీనత కొంత జారవచ్చు. అంకె వంకరగా కనబడిన సిలిండర్‌తో పాటు వరసలో దాని ముందున్నదాన్ని కూడా చూసుకోవడం మంచిది.

ఇంత చేశాక కూడా దొరికింది సిలిండర్ మాత్రమే. ఆ సిలిండర్ బలహీనతకు ఇంజెక్టరే కారణమని ఇంకా తేలలేదు. వాల్వు కాలిపోయి ఉండవచ్చు, రింగులు పట్టేసి ఉండవచ్చు, ట్యాపెట్ ఖాళీ తప్పి ఉండవచ్చు. అందుకే డీజిల్ ఆపి స్టార్టర్‌తో తిప్పుతూ సిలిండర్ల కంప్రెషన్‌ను ఒకదానితో ఒకటి పోల్చాలి. చాలా స్కానర్లు క్రాంకు వేగంలోని ఎగుడుదిగుళ్లను బట్టి ఈ పని చేసిపెడతాయి. అది లేకపోతే కంప్రెషన్ గేజి ఎటూ ఉంది. కంప్రెషన్ బాగుండి, బలం మాత్రం లేకపోతే అనుమానం ఇంజెక్టర్ దగ్గరికి చేరుతుంది. అప్పుడు చేసే మార్పిడి పరీక్ష నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగ్గది. మూడో ఇంజెక్టర్‌ను రెండోదానిలో, రెండోదాన్ని మూడోదానిలో పెట్టి బండి తిప్పాలి. తేడా ఇంజెక్టర్ వెంట రెండో సిలిండర్‌కు పోతే లోపం ఇంజెక్టర్‌లో ఉంది. తేడా మూడో సిలిండర్‌లోనే ఉండిపోతే ఇంజెక్టర్‌కు సంబంధం లేదు. ఈ పరీక్షకు కొత్త సామాను కొననక్కర లేదు, కావలసింది రెండు రాగి వాషర్లు, ఓపిక. అయితే చాలా ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టర్ మీద దాని స్వభావాన్ని తెలిపే దిద్దుబాటు కోడ్ చెక్కి ఉంటుంది. తయారీలో వచ్చే సూక్ష్మమైన తేడాను ఈసీయూకి చెప్పే కోడ్ అది. ఇంజెక్టర్ స్థానం మారినప్పుడు కోడ్‌ను కూడా మార్చి ఈసీయూకి ఇవ్వకపోతే పరీక్ష ఫలితమే కలుషితమవుతుంది. కొత్త ఇంజెక్టర్ వేసి కోడ్ ఎక్కించడం మరచిపోయి, కొత్తది కూడా చెడ్డదేనని వాపసు పంపడం ఈ పనిలో మామూలుగా జరిగే అన్యాయం.

స్టార్టింగ్ సమస్య వేరే తరహాది, దానికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి. స్టార్టర్ తిప్పినప్పుడు రైల్‌లో ఒత్తిడి కనీస స్థాయికి, చాలా ఇంజన్లలో 200 బార్ చుట్టుపక్కలకు, చేరితే తప్ప ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. ఆ ఒత్తిడి రావడం లేదంటే వచ్చేది తక్కువో, పోయేది ఎక్కువో తేల్చాలి. ముందు చూడాల్సింది వచ్చే వైపే: ట్యాంకులో డీజిల్, మూసుకున్న ఫిల్టరు, హ్యాండ్ ప్రైమర్, గాలి పట్టిన పైపు. పారదర్శకమైన గొట్టం ముక్కను మధ్యలో పెట్టి చూస్తే బుడగలు కంటికి కనబడతాయి. అవి లేకపోతే అప్పుడు రిటర్న్ పరీక్ష. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ గొట్టాన్ని తీసి గీతలున్న సీసాలో పెట్టి, ఒకే వ్యవధిలో ఏది ఎంత వదిలిందో చూస్తారు. కొంత రిటర్న్ ఉండటం దోషం కాదు, ఇంజెక్టర్ పనిచేసేదే అలాగ. మిగతా సీసాల్లో వేలెడంత మట్టం ఉండగా ఒక్కటి నిండిపోయిందంటే ఆ ఇంజెక్టర్‌ను బయటికి తీయాల్సిందే. కానీ చాలా లారీ ఇంజన్లలో రిటర్న్ దారి సిలిండర్ హెడ్డు లోపలే ఉంటుంది, విడివిడిగా పట్టడం కుదరదు. కమ్మిన్స్ ఐఎస్‌బీ కుటుంబంలో ఇదే పరిస్థితి. అక్కడ రైల్ నుంచి ఒక్కో ఇంజెక్టర్‌కు వెళ్లే దారిని బిరడాతో మూసి, మొత్తం రిటర్న్ ఏది మూసినప్పుడు తగ్గిందో చూస్తారు. ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. రైల్ పైపుకూ ఇంజెక్టర్‌కూ మధ్య హెడ్డులో అడ్డంగా దూరి కూర్చునే కనెక్టర్ గొట్టం కొస సరిగా కూర్చోకపోతే అక్కడ కారిన డీజిల్ కూడా అదే రిటర్న్‌లోకి పోతుంది. పరీక్ష ఇంజెక్టర్‌ను చూపిస్తుంది, తప్పు కనెక్టర్‌ది. బిగింపు వరస తప్పితే ఇది జరుగుతుంది: ఇంజెక్టర్ క్లాంపును ముందే పూర్తిగా బిగిస్తే కనెక్టర్ కొస ఇంజెక్టర్ రంధ్రానికి ఎదురుగా సర్దుకునే వీలుండదు. అందుకే ఇంజెక్టర్, కనెక్టర్ రెంటినీ కొద్దికొద్దిగా, తయారీదారు చెప్పిన క్రమంలో, టార్క్ పానాతో బిగించాలి. తీసిన కనెక్టర్ కొస మీద వలయం నిండుగా, సమంగా పడిందో లేదో వెలుతురులో చూస్తే విషయం అర్థమైపోతుంది. ఒకవైపే మెరుస్తుంటే అది కారిన గుర్తు.

అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇవేవీ అక్కర్లేదని, చెవితోనే చెబుతాడని వాదించేవారున్నారు. ఆ చెవికి నిజంగా విలువ ఉంది. స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి ఇంజెక్టర్ల టక్కు శబ్దాలను పోల్చే మనిషి చేస్తున్నది కూడా సిలిండర్ల పోలికే, అదీ యంత్రం లేకుండా. ఏ సిలిండర్ అన్నది అతను చాలాసార్లు సరిగానే చెబుతాడు. ఎందుకు అన్నది చెవికి అందదు. కామన్ రైల్ ఇంజన్‌లో అసలు చిమ్ముకు ముందు ఒక చిన్న చిమ్ము వేసి శబ్దాన్ని తగ్గిస్తారు కాబట్టి పాత ఇంజన్ల మీద సాధించిన వినికిడి ఇక్కడ కొంత తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఇంకో అభ్యంతరం లారీ ఓనర్ల నుంచి వస్తుంది, అది మరింత బరువైనది. బండి ఒక రోజు నిలబడితే కిరాయి పోతుంది, కిస్తీ ఆగదు. పరీక్షలకు రెండు రోజులు పోగొట్టే బదులు ఆరూ ఒకేసారి మార్చేస్తే పోలేదా? లక్షల కిలోమీటర్లు తిరిగి, ఆరింటి రిటర్నూ హద్దు దగ్గరికి చేరిన ఇంజన్‌లో ఆ నిర్ణయం సబబే. ఒకటి మార్చిన నెలకే పక్కది అడుగుతుంది, ప్రతిసారీ హెడ్డు దగ్గర పని చేయాలి. కానీ ఆరూ మార్చాలన్న నిర్ణయానికి కూడా ఆరూ అరిగాయన్న కొలత కావాలి. ఆ కొలత లేకుండా మార్చాక బండి అలాగే వణికితే ఖర్చు పోయింది, రోజులూ పోయాయి, కారణం మిగిలే ఉంది. పైన చెప్పిన సిలిండర్ పోలిక, కంప్రెషన్ పోలిక రెండూ కలిపి స్కానర్ చేతిలో ఉన్న మెకానిక్‌కు ఒక పూట పని కూడా కాదు.

ఆలస్యం అసలు చేయకూడని సందర్భం ఒకటుంది. ఒక సిలిండర్ నుంచి సుత్తితో కొట్టినట్టు నాకింగ్ వస్తూ, పొగ ఒక్కసారిగా పెరిగితే సూది తెరుచుకునే ఉండిపోయిందని అనుమానించాలి. అడ్డూ ఆపూ లేకుండా పడే డీజిల్ పిస్టన్ తలను కరిగించి చిల్లు చేయగలదు, సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేయగలదు. అక్కడ ఇంజన్‌ను వెంటనే ఆపి బండిని లాగించుకుని వెళ్లడమే సరైన పని. షెడ్డు దాకా మెల్లగా నడుపుకుపోదామనుకుంటే ఇంజెక్టర్ ఖర్చుతో పోయేది ఇంజన్ బోరుకు వస్తుంది.

తీసిన ఇంజెక్టర్ టెస్ట్ బెంచి మీదికి వెళుతుంది. పాత రకానికి చేతి లివరు పంపు చాలు: నిర్ణీత ఒత్తిడికి తెరుచుకుంటోందా, తెరుచుకునేటప్పుడు చర్రుమని శబ్దం వస్తోందా, తుంపర అన్ని రంధ్రాల నుంచీ సమంగా మంచులా పడుతోందా, తెరుచుకునే ఒత్తిడికి కాస్త కిందుగా పట్టి ఉంచితే కొసన బొట్టు కడుతోందా అని చూస్తారు. కామన్ రైల్ ఇంజెక్టర్‌కు బెంచి మీద ఐడిల్, మధ్యస్థ లోడు, పూర్తి లోడు, ముందస్తు చిన్న చిమ్ము స్థాయిల్లో ఎంత చిమ్ముతోందో, ఎంత రిటర్న్ అవుతోందో విడివిడిగా కొలిచి తయారీదారు హద్దులతో పోలుస్తారు. బెంచి మాటే ఆఖరి మాట అనుకోవడం తొందరపాటు. బెంచి మీద హెడ్డు వేడి లేదు, వైరు లేదు, రాగి వాషర్ లేదు, కనెక్టర్ గొట్టం లేదు. బెంచి మీద నెగ్గిన ఇంజెక్టర్ ఇంజన్‌లో ఓడిపోతే బెంచి అబద్ధం చెప్పలేదు. బెంచి చూడని చోట లోపం ఉందన్నమాట. వేడెక్కాక మాత్రమే తెగే సోలెనాయిడ్ చుట్టలు ఈ కోవలోవి.

నిర్ధారణలో చాలామంది వదిలేసే సగం ఒకటుంది: ఇంజెక్టర్ ఎందుకు చెడింది? నూటికి నూరుపాళ్లు శుభ్రమైన డీజిల్ అందితే ఇది లక్షల కిలోమీటర్లు నడిచే పరికరం. నడవలేదంటే డీజిల్‌ను అడగాలి. బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి మించకూడదు. గంధకాన్ని తీసే ప్రక్రియలో సహజమైన జారుడు గుణం కూడా పోతుంది, అందుకే రిఫైనరీలు దాన్ని మందులతో తిరిగి కలుపుతాయి. అరుగుదల పరీక్షలో మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదన్నది ప్రమాణం. అటువంటి డీజిల్‌లో కిరసనాయిలు కలిస్తే పలుచనవుతుంది, జారుడు తగ్గుతుంది. డీజిల్‌తోనే లూబ్రికేషన్ జరిగే పంపు, ఇంజెక్టర్ ముందు దెబ్బతింటాయి. నీరు కలిస్తే సూది మీద గోధుమరంగు తుప్పు మచ్చలు పడతాయి. కోస్తాలో వానాకాలం సగం ట్యాంకుతో రాత్రంతా నిలబెట్టిన బండిలో ట్యాంకు గోడలకు పట్టిన చెమ్మే డీజిల్‌లోకి దిగుతుంది. సెపరేటర్ గిన్నెను తిప్పి నీరు వదలడం రెండు నిమిషాల పని. అది చేయని బండే ఎక్కువ. బీఎస్-6తో కొత్తగా వచ్చిన ప్రమాదం పొగను శుద్ధి చేయడానికి వాడే యూరియా ద్రావణాన్ని, అంటే డీఈఎఫ్‌ను, పొరపాటున డీజిల్ ట్యాంకులో పోయడం. యూరియా తెల్లటి పలుకులుగా ఫిల్టరులోనూ ఇంజెక్టర్లలోనూ పేరుకుంటుంది. అది జరిగిందని తెలిస్తే ఇంజన్‌ను స్టార్ట్ చేయకుండా ట్యాంకు దింపాలి.

అందుకే చెడ్డ ఇంజెక్టర్ తేలిన రోజున పాత ఫిల్టరును కూడా కోసి చూడాలి. మడతలను విప్పి తెల్లగుడ్డ మీద పరిచి ఎండలోకి తీసుకెళితే కథ కనబడుతుంది. గోధుమరంగు జిగట అయితే నీరు, తుప్పు. తెల్లటి పలుకులైతే డీఈఎఫ్. వెండిలా మెరిసే పొడి అయితే హై ప్రెజర్ పంపు లోపల అరుగుతోంది. మూడోది అన్నిటికన్నా ఖరీదైన వార్త. ఆ పొడి అప్పటికే రైల్‌లోకీ, పైపుల్లోకీ, మిగతా అయిదు ఇంజెక్టర్లలోకీ చేరి ఉంటుంది. పంపు మార్చి, ట్యాంకు దింపి కడిగి, రైల్‌నూ పైపులనూ తయారీదారు చెప్పినట్టు మార్చి, ఇంజెక్టర్లన్నిటినీ బెంచి మీద పరీక్షించాకే కొత్త ఇంజెక్టర్‌ను దాని చోట కూర్చోబెట్టాలి.